కలము – కవిలె : ‘హిందూ’ పత్రికాసంస్థ చరిత్ర



ఉదయము వాకిట పడిన పత్రికను చేత పట్టినవాడు వార్తలు చదువును, సంపాదకీయమును మెచ్చుకొనును, లేదా కోపించును. ఆ కాగితము నెవరు కొనిరి, అచ్చుకూలి నెవరు చెల్లించిరి, అక్షరములు కూర్చిన కంపోజిటరుకు నెలాఖరున జీత మెట్లు ముట్టెను అను ప్రశ్నలు అతనికి తోచవు. కాని పత్రికల చరిత్రను కొంచెము లోతుగా పరిశీలించినవారికి ఒక సంగతి స్పష్టమగును. కలము మొద్దుబారి చచ్చిన పత్రికలకంటె కవిలె తప్పి చచ్చిన పత్రికలే ఎక్కువ. జమాఖర్చుల పుస్తకమునకు పూర్వులు పెట్టిన పేరు కవిలె. కలమును కవిలెయు ఒకదానితో నొకటి ఎట్లు పోరాడినవో, ఎట్లు రాజీపడినవో తెలిసికొనుటకు మదరాసు నగరమున పుట్టి దేశమంతట వ్యాపించిన ‘హిందూ’ పత్రికాసంస్థ చరిత్రను మించిన దృష్టాంతము అరుదు. పైగా ఆ చరిత్రలో తెలుగువారి చేతులును కలవు. అందుచేత ఈనాటి ప్రసంగమునకు ఆ విషయము తగియున్నది.

‘హిందూ’ కంటె ముప్పది నాలుగేండ్లకు పూర్వమే మదరాసులో భారతీయుల పక్షమున ఒక ఆంగ్లపత్రిక వెలువడినది. 1844లో ఆ ‘క్రెసెంటు’ పత్రికను నెలకొల్పినవారు తెలుగువారైన గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు. ఆయన సంపన్నుడగు వర్తకుడు. రైతుల బాధలను, పన్నుల వసూలులో జరుగు హింసలను పార్లమెంటు దృష్టికి తెచ్చుటకై ఆయన పాటుపడెను. 1852లో మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించెను. ఈ పనులన్నిటికిని ఆధారము ఆయన సొంత ధనమే. ప్రజాకార్యములును, వ్యాపార నష్టములును కలిసి ఆ ధనమును హరించినవి. 1868లో ఆయన పేదరికమున కన్నుమూసెను. ఒక్కని సంపదపై నిలిచిన పత్రికకు ఆ సంపద యున్నంతవరకే ఆయువని చెన్నపట్నము నేర్చుకొన్న మొదటి పాఠము ఇది.

పిమ్మట పదేండ్లకు, 1878లో, మరియొక సందర్భము వచ్చినది. ఆ సంవత్సరము మార్చి నెలలో లిట్టన్ ప్రభువు ప్రభుత్వము దేశభాషా పత్రికల నోరు నొక్కుటకై ఒక చట్టము చేసినది. అదే సంవత్సరము టి. ముత్తుస్వామి అయ్యరుగారు మదరాసు హైకోర్టులో న్యాయమూర్తిగా నియమితులైరి. ఆ పీఠమెక్కిన మొదటి భారతీయుడాయన. నగరమందలి ఆంగ్లేయుల పత్రికలకు ఈ నియామకము రుచింపలేదు. అవి దానిని తీవ్రముగా విమర్శించినవి. ఆ విమర్శకు బదులు చెప్పుటకు భారతీయుల చేతిలో పత్రిక లేదు.

తిరువల్లిక్కేణిలో ఒక సాహిత్య సమాజముండెను. అందలి యువకులు ఆరుగురు తామే ఆ బదులు చెప్ప నిశ్చయించిరి. జి. సుబ్రహ్మణ్య అయ్యరు, ఎం. వీరరాఘవాచారియారు అనువారు ఉపాధ్యాయులు. టి. టి. రంగాచారియారు, పి. వి. రంగాచారియారు, డి. కేశవరావు పంతులు, న్యాపతి సుబ్బారావు పంతులు అనువారు న్యాయశాస్త్ర విద్యార్థులు. ఈ చివరి ఇద్దరు పంతుళ్ల పేర్లు చూచినపుడు తెలుగువారికి కొంత ఆనందము కలుగుట సహజము. సుబ్రహ్మణ్య అయ్యరుకు అప్పటికి ఇరువది మూడేండ్లు; వీరరాఘవాచారియారుకు ఇరువది యొక్కటి.

వీరి మూలధనము 1 రూపాయి 12 అణాలు. అదియు అప్పు తెచ్చినది. 1878 సెప్టెంబరు 20వ తేదీన, మింటు వీధిలోని శ్రీనిధి ముద్రాక్షరశాలలో, 80 ప్రతులు అచ్చయినవి. ప్రతి యొక్కదాని వెల 4 అణాలు. ఎనుబదియు అమ్ముడుపోయినను వచ్చునది 20 రూపాయలకు మించదు. అంత చిన్న లెక్కపై ఆంగ్లేయుల పత్రికలతో తలపడిరి. ప్రత్యర్థులలో ‘మదరాసు మెయిల్’ 1868 నుండి నడచుచుండెను. దాని వెనుక యూరోపియను వర్తకుల ప్రకటనలు, వారి చందాలు ఉండెను. ‘హిందూ’ వెనుక ఉన్నది ఆరుగురి ఉత్సాహము మాత్రమే.

ఆ ఆరుగురిలో నలుగురు పరీక్షలలో కృతార్థులై త్వరలోనే తమ వృత్తులలో ప్రవేశించిరి. అందుకు వారిని నిందింప నవసరము లేదు. న్యాపతి సుబ్బారావు పంతులుగారు రాజమహేంద్రవరమున న్యాయవాదియై, పురపాలక సంఘాధ్యక్షుడై, ‘చింతామణి’ మాసపత్రికను స్థాపించి, దాని సంపాదకత్వమును కందుకూరి వీరేశలింగము పంతులుగారికి అప్పగించిరి. 1914లో బెజవాడలో జరిగిన ఆంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. ‘హిందూ’ ను వదలినను ఆయన పత్రికలను వదలలేదు. మదరాసులో రగిలిన నిప్పు రవ్వను గోదావరీ తీరమునకు తెచ్చిరి.

మదరాసులో మిగిలినవారు ఇద్దరు ఉపాధ్యాయులు. వీరిలో సుబ్రహ్మణ్య అయ్యరు కలము పట్టెను. వీరరాఘవాచారియారు కవిలె పట్టెను. పని విభజన అంతకంటె సరళముగా ఉండజాలదు. వారపత్రికగా మొదలైన ‘హిందూ’ 1883 అక్టోబరు 1 నుండి వారమునకు మూడుమారులు వెలువడసాగెను. ఆ డిసెంబరు 3న మౌంటు రోడ్డు 100వ నంబరు భవనమునకు మారి, ‘నేషనల్ ప్రెస్సు’ అను పేరుతో సొంత అచ్చుకూటమును పెట్టుకొనెను. దానికి కావలసిన ధనమును ప్రజల చందాల ద్వారా సేకరింపవలెనని చూచిరి, అది సమకూరలేదు. అప్పుచేసియే పని సాగించిరి.

పత్రికా కార్యాలయము పత్రికకు మాత్రమే పరిమితము కాలేదు. 1884లో మదరాసు మహాజన సభ స్థాపితమైనపుడు అందు ఈ ఇద్దరును, తెలుగువారైన పనప్పాకము ఆనందాచార్యులుగారును ముందు నిలిచిరి. 1885 డిసెంబరులో బొంబాయిలో కాంగ్రెసు మొదటి సమావేశము జరిగినపుడు, భారత పరిపాలనపై విచారణ జరుపవలెనని కోరు మొట్టమొదటి తీర్మానమును ప్రతిపాదించినది సుబ్రహ్మణ్య అయ్యరే. 1889 ఏప్రిల్ 1 నుండి ‘హిందూ’ దినపత్రిక అయ్యెను. అది సాయంకాలము వెలువడెడిది. పదునొకండేండ్లలో ఎనుబది ప్రతుల వారపత్రిక దినపత్రికగా ఎదుగుట సామాన్య విషయము కాదు.

ఈ ఎదుగుదలలోను తెలుగునేల పాత్ర యొకటి కలదు. మౌంటు రోడ్డు భవనము ‘హిందూ’ కు సొంతమైనది 1892లో. ఆ భవనము కొరకును, ముద్రణాలయ విస్తరణ కొరకును ధనము అప్పుగా ఇచ్చినవారు విజయనగర మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజుగారు. కళలను పోషించిన ఆ ప్రభువు ఒక పత్రికను కూడ ఈ విధముగా ఆదుకొనిరి. ఐనను అప్పు అప్పే. వడ్డీ యెక్కు ధనముపై నిలిచిన సంస్థకు రాబడి పెరుగక తప్పదు.

సరిగా అక్కడనే చిక్కు ప్రారంభమైనది. సుబ్రహ్మణ్య అయ్యరు రాజకీయములలో ఎంత తీవ్రుడో సంఘసంస్కరణలోను అంత తీవ్రుడు. బాల్యములోనే వితంతువైన తన కుమార్తెకు 1889లో బొంబాయిలో పునర్వివాహము చేసెను. కట్టుబాట్లు గట్టిగానుండిన ఆ దినములలో ఇది ఎంత సాహసమో, ఆయన ఎన్ని ఇంటి తలుపులు మూతబడుట చూచి యుండునో ఊహించుకొనవచ్చును. తాను ఆచరించినదానినే పత్రికలో వ్రాసెను. బాల్యవివాహములను, కులభేదములను ఖండించెను. ‘హిందూ’ చందాదారులలో ఎక్కువమంది పూర్వాచార పరాయణులు. రాజకీయ వ్యాసములను మెచ్చినవారే సంఘసంస్కరణ వ్యాసములను చూచి ముఖము చిట్లించిరి. దీనికి తోడు ఆయన నిర్భయముగా వ్రాసిన విమర్శల ఫలితముగా పరువునష్టపు దావాలు వచ్చినవి. న్యాయస్థానములలో పోరాడుటకు ధనము కావలెను; ఆ ధనము పత్రిక పెట్టెలోనుండియే పోవలెను.

వీరరాఘవాచారియారు స్థితిని కూడ సానుభూతితో చూడవలెను. ప్రతి నెలయు కాగితపు వర్తకునికి, పనివారికి, అప్పులవారికి ముఖము చూపవలసినవాడు ఆయన. ఒక వ్యాసము వెలువడినందున చందాలు తగ్గినచో, ఆ తగ్గుదల ముందుగా కనబడునది ఆయన పుస్తకములోనే. ఆయన దేశభక్తిలో స్నేహితునికి తీసిపోయినవాడు కాడు. కాని పత్రిక నిలిచినపుడే పోరాటము నిలుచునని ఆయన నమ్మిక. సత్యము చెప్పలేని పత్రిక నిలిచి యేమి ప్రయోజనమని సుబ్రహ్మణ్య అయ్యరు నమ్మిక.

ఇరువది సంవత్సరములు కలిసి నడచిన ఆ మిత్రులు 1898 అక్టోబరులో విడిపోయిరి. భాగస్వామ్యము రద్దయ్యెను. సుబ్రహ్మణ్య అయ్యరు తాను పుట్టించిన ‘హిందూ’ ను వదలి, 1882లో తానే స్థాపించిన ‘స్వదేశమిత్రన్’ అను తమిళ పత్రికకు తన శక్తియంతయు ధారపోసెను; మరుసటి యేడే దానిని దినపత్రికగా మార్చెను. వీరరాఘవాచారియారు ‘హిందూ’ కు ఏకైక స్వామియయ్యెను, సి. కరుణాకర మేనోను సంపాదకుడయ్యెను. విడిపోయిన పిమ్మట ఎవరికిని లాభము కలుగలేదు. అగ్ని లేని పత్రికను చదువువారు తగ్గిరి. 1905 నాటికి ‘హిందూ’ ప్రతుల సంఖ్య సుమారు 800కు దిగజారినది. సుబ్రహ్మణ్య అయ్యరు మాత్రము తన తమిళ రచనలకై 1908లో రాజద్రోహ నేరముపై నిర్బంధితుడయ్యెను.

ఇరువురిలో న్యాయ మెవరిపక్షమున నున్నది? తీర్పు చెప్పుట సులభము కాదు. కవిలెను లెక్కచేయని కలము సంస్థను అప్పులలో ముంచెను. కలమును కోల్పోయిన కవిలె సంస్థను ఎనిమిది వందల ప్రతులకు దించెను. ఏది లేకున్నను రెండవది బ్రదుకలేదని మాత్రము ఆ ఏడేండ్ల అనుభవము నిరూపించినది.

1905 ఏప్రిల్ 1న ‘హిందూ’ చేతులు మారినది. 75,000 రూపాయలకు దానిని కొన్నవారు ఎస్. కస్తూరిరంగ అయ్యంగారుగారు. కుంభకోణము సమీపమున ఇన్నంబూరులో 1859లో జన్మించి, కోయంబత్తూరులో న్యాయవాదియై, పిమ్మట మదరాసుకు వచ్చిన ఆయన, 1895 నుండి ‘హిందూ’ కు న్యాయ సలహాదారుగా నుండిరి. సంస్థ రోగమెక్కడ నున్నదో బయటివారికంటె ఆయనకు బాగుగా తెలియును. అప్పటికి ఆయన వయస్సు నలుబది యైదు దాటినది. ఆ ప్రాయమున వృత్తిని వదలి, మునుగుచున్న పత్రికపై ముప్పావు లక్ష పెట్టుట చూచినవారికి అవివేకముగా తోచియుండును.

ఆయన చేసిన మొదటి పని సంపాదకీయమునకు సంబంధించినది కాదు. బాకీపడిన చందాదారుల జాబితాను తీసెను. ఆ కాలమున పత్రికను తెప్పించుకొనుట గౌరవముగను, చందా పంపుట ఐచ్ఛికముగను భావించు పెద్దలు చాలమంది యుండిరి. ధనము చెల్లింపనివారికి పత్రిక నిలిపివేసెను. చందా ముందుగా చెల్లింపవలెనని నియమము పెట్టెను. ప్రకటనల రాబడిని క్రమపరచెను. రాయిటరు వార్తాసంస్థ తంతి వార్తలను తెప్పించెను. బయటి లోకపు సమాచారమునకై ఆంగ్లేయుల పత్రికను కూడ కొనవలసిన పని పాఠకునికి తప్పెను. 1921లో దక్షిణ దేశమున మొదటి రోటరీ ముద్రణ యంత్రమును తెప్పించెను. కవిలె చక్కబడినది.

కవిలె చక్కబడిన పత్రిక కలమును దాచుకొనునేమోయని సందేహింపవచ్చును. ఇక్కడ అట్లు జరుగలేదు. 1906 అక్టోబరులో మదరాసులో అర్బత్‌నాట్ అను ప్రసిద్ధ ఆంగ్లేయ బ్యాంకు సంస్థ కూలిపోయెను. జీవితకాలమంతయు కూడబెట్టిన ధనమును అందు దాచుకొన్న వేలాది కుటుంబములవారు దిక్కులేనివారైరి. వారి మొరను, ఆ సంస్థ వ్యవహారమును ‘హిందూ’ ప్రజలముందు పెట్టెను. ఆ విపత్తునుండి పుట్టిన మేలు 1907లో స్థాపితమైన ఇండియన్ బ్యాంకు. అప్పులవారికి తలవంచవలసిన పత్రిక ఒక పెద్ద బ్యాంకును గూర్చి నోరు తెరువజాలదు. చందాదారుని ధనముతో నడచునది మాత్రమే చందాదారుని పక్షము వహింపగలదు.

1919 మార్చిలో మహాత్మాగాంధీ మదరాసుకు వచ్చి, కథీడ్రల్ రోడ్డులోని కస్తూరిరంగ అయ్యంగారిగారి ఇంటిలో బసచేసిరి. అసలు ఆతిథేయుడు ఆ ఇంటిని అద్దెకు తీసికొనిన రాజగోపాలాచారిగారని గాంధీజీకి పిమ్మటగాని తెలియలేదు. రౌలటు చట్టమునకు ప్రతిగా దేశమంతట హర్తాళము జరుపవలెనను ఆలోచన ఆ ఇంటిలోనే ఒక తెల్లవారుజామున, నిద్రకును మెలకువకును నడుమ, తనకు స్ఫురించెనని ఆయన తన ఆత్మకథలో వ్రాసికొనిరి. కస్తూరిరంగ అయ్యంగారుగారు 1923 డిసెంబరులో మరణించిరి. 1925 మార్చి 22న పత్రికా కార్యాలయమున ఆయన చిత్రపటమును ఆవిష్కరించినవారు గాంధీజీయే.

ఈ మధ్య జరిగిన మరియొక సంగతి మనస్సును కదల్చును. వృద్ధుడై, వ్యాధిగ్రస్తుడైన సుబ్రహ్మణ్య అయ్యరు 1915లో తన ‘స్వదేశమిత్రన్’ ను కూడ ఇతరులకు అప్పగించెను. దానిని తీసికొనినవారు కస్తూరిరంగ అయ్యంగారిగారి మేనల్లుడు, ‘హిందూ’ లో పనిచేసిన ఎ. రంగస్వామి అయ్యంగారుగారు. పిమ్మట 1928 నుండి 1934 వరకు ఆయనయే ‘హిందూ’ సంపాదకుడు. సుబ్రహ్మణ్య అయ్యరు 1916లో కీర్తిశేషుడయ్యెను. ఆయన రెండు పత్రికలను పుట్టించెను, రెండింటిని పోగొట్టుకొనెను. రెండును ఆయన తరువాత ఎంతో కాలము జీవించినవి.

తెలుగు పత్రికారంగము ఈ సమస్యకు వేరొక పరిష్కారమును కనుగొనెను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము వ్యాపారమును ప్రారంభించిరి. 1908లో అచ్చటనే ‘ఆంధ్రపత్రిక’ ను వారపత్రికగా స్థాపించి, 1914లో మదరాసులో దినపత్రికగా నడపిరి. తలనొప్పికి రాసికొను లేపనము సంపాదించిన ధనము తెలుగు అక్షరములకు ఆధారమైనది. ఇది ఉదారమైన మార్గము. ఐనను దాత మనస్సును, వ్యాపారమును చల్లగానున్నంతవరకే అది సాగును. ‘ఆంధ్రపత్రిక’ 1991లో ఆగిపోయెను. లక్ష్మీనరసు శెట్టిగారి మార్గము, నాగేశ్వరరావుగారి మార్గము, ‘హిందూ’ మార్గము అను మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు, పత్రికకు దీర్ఘాయువు నిచ్చునది సామాన్య పాఠకుడు వేళకు చెల్లించు చందాయేయని తోచును.

కస్తూరిరంగ అయ్యంగారిగారి కుమారులు కె. శ్రీనివాసనుగారు, కె. గోపాలనుగారు. ‘కస్తూరి అండ్ సన్స్’ అను సంస్థ పేరులోని ‘సన్స్’ వీరే. శ్రీనివాసనుగారు 1934 నుండి 1959లో మరణించువరకు సంపాదకులుగా నుండిరి. 1939 డిసెంబరు 3న, అనగా మౌంటు రోడ్డున మొదట అడుగుపెట్టిన దినమునకు సరిగా ఏబది యారేండ్లకు, పత్రిక అదే రోడ్డులో కస్తూరి బిల్డింగ్సు అను సొంత భవనములో ప్రవేశించెను. శ్రీనివాసనుగారు తమ పత్రికకు మాత్రమే పాటుపడలేదు. 1940లో ఏర్పడిన అఖిలభారత వార్తాపత్రికా సంపాదకుల సమావేశమునకు మొదటి అధ్యక్షులైరి. స్వాతంత్ర్యము వచ్చిన 1947 ఆగస్టులోనే మదరాసున రిజిస్టరై, 1949 ఫిబ్రవరిలో పని ప్రారంభించిన ప్రెస్ ట్రస్ట్ ఆఫ్ ఇండియాకు ఆయనయే ప్రథమాధ్యక్షులు. దేశపు వార్తలను దేశమునకు పంచు పని అంతకుపూర్వము రాయిటరు వారి చేతిలో నుండెను. ఒక దేశము స్వతంత్రమగుటకు జెండా మారుట చాలదు. తన వార్తను తానే చెప్పుకొనగలుగవలెను.

1958 జనవరి 14న, సంక్రాంతి దినములలో, ‘హిందూ’ ఒక చిన్న మార్పు చేసినది. అంతవరకు మొదటి పుటను ప్రకటనలు ఆక్రమించి యుండెడివి. ఆ దినమునుండి అచ్చట వార్తలు వచ్చినవి. ప్రకటనలకు మిక్కిలి ఎక్కువ ధర పలుకు స్థలమును వార్తకు విడిచిపెట్టుట కవిలె కలమునకు చేసిన నమస్కారము.

మదరాసు పత్రిక జాతీయ పత్రిక అగుటకు దూరము అడ్డుగా నుండెను. రైలులో పోయిన పత్రిక దూరపు ఊళ్లకు చేరునప్పటికి వార్త చల్లారిపోవును. 1963లో సంస్థ సొంత విమానములను కొని ప్రతులను పంపసాగెను. 1969లో పుటల ప్రతిరూపమును తంతి మార్గమున కోయంబత్తూరునకు పంపి అచ్చట ముద్రించు పద్ధతిని ప్రవేశపెట్టెను. ఆ వరుసలోనే 1976లో హైదరాబాదు ప్రతి వెలువడెను. విజయనగర మహారాజుగారి అప్పుతో భవనము సంపాదించుకొన్న పత్రిక, ఎనుబది నాలుగేండ్లకు తెలుగునాటనే అచ్చగుట చరిత్రలోని ఒక తీయని మలుపు. 1986లో ఉపగ్రహ మార్గమున ఢిల్లీ ప్రతి ప్రారంభమయ్యెను. 1995లో అంతర్జాలమునకెక్కెను. 1978లో నూరేండ్ల పండుగ జరుపుకొన్నది. 1994లో ‘బిజినెస్ లైన్’ అను ఆర్థిక దినపత్రికను, 2013లో తమిళ దినపత్రికను ప్రారంభించినది.

ప్రభుత్వోద్యోగులకు ప్రత్యేకముగా ఆసక్తి కలిగించు విషయమొకటి ఈ సందర్భమున చెప్పవలసియున్నది. పుటల సంఖ్యను బట్టి పత్రిక వెలను నిర్ణయించుటకు 1956లో చేసిన చట్టమును సుప్రీంకోర్టు 1961లో ‘సకాళ్’ అను మరాఠీ పత్రిక వ్యాజ్యములో కొట్టివేసెను. పత్రికా కాగితము కరవు కారణముగా పుటలను పదింటికి పరిమితము చేసిన విధానమును 1972లో మరియొక వ్యాజ్యములో కొట్టివేసెను. కాగితము, వెల, పుటలు అనునవి వర్తక విషయములుగా కనబడినను, వాటిని బిగించినచో భావప్రకటన స్వాతంత్ర్యమే బిగుసుకొనునని న్యాయమూర్తుల అభిప్రాయము. మదరాసులో ఇద్దరు ఉపాధ్యాయులు ఇరువది యేండ్లు తర్కించుకొన్న ప్రశ్నకు ఇది రాజ్యాంగ భాషలో దొరికిన సమాధానమని చెప్పవచ్చును. కలమును కవిలెయు ఒకే స్వేచ్ఛకు రెండు ముఖములు.

దీర్ఘాయువు గల సంస్థలో లోపములు లేవనుట సత్యము కాదు. బోఫోర్సు ఫిరంగుల క్రయమునకు సంబంధించిన పత్రములను 1988 నుండి ప్రచురించి కీర్తిగాంచిన ఈ పత్రికయే, 1989 అక్టోబరులో ఆ వరుసను మధ్యలో నిలిపినది. ఆ విషయమున సంపాదకవర్గములోని అభిప్రాయభేదము బహిరంగమైనది. యాజమాన్యము ఒకే కుటుంబము చేతిలో నుండుటవలన కలుగు చిక్కులును తరువాతి కాలమున వీధికెక్కినవి. మరియొక వంక, 2003 నవంబరు 7న తమిళనాడు శాసనసభ సభాహక్కుల ఉల్లంఘన పేర ‘హిందూ’ సంపాదకులకు, ప్రచురణకర్తకు, విలేఖరులకు పదునైదు దినముల కారాగారవాసము విధించెను. పోలీసులు కార్యాలయమునకు వచ్చిరి. మూడు దినములలో సుప్రీంకోర్టు ఆ నిర్బంధమును నిలిపివేసెను. 1878లో ఒక న్యాయమూర్తి నియామకమును సమర్థించుటకు పుట్టిన పత్రికను నూట ఇరువది యైదేండ్ల తరువాత న్యాయస్థానము కాపాడినది.

2017లో పత్రికా ప్రచురణ వ్యవహారము టి.హెచ్.జి. పబ్లిషింగ్ అను సంస్థకు బదిలీ అయ్యెను. పేర్లు మారుచున్నవి; యంత్రములు మారుచున్నవి; పాఠకుడు కాగితమును వదలి చేతిలోని తెరను చూచుచున్నాడు. ఐనను సమస్య మాత్రము శ్రీనిధి ముద్రాక్షరశాల నాటిదే. వార్తను సేకరించుటకు, సరిచూచుటకు, నిర్భయముగా చెప్పుటకు ఖర్చు కావలెను. పాఠకుడు ఆ ఖర్చును భరింపనిచో మరియొకడు భరించును. భరించినవాడు తన మాటయే వినబడవలెనని కోరును. ఉచితముగా లభించు వార్త అన్నిటికంటె ఖరీదైనదని పాఠకులు నేర్చుకొనుటకు ఇంకను కొంత కాలము పట్టవచ్చును.

ఈ సమాజమువంటి సంస్థలు కూడ చిన్నపాటి పత్రికలే. వీటిలోను ఒకరు నాటకము వ్రాయుదురు, ఒకరు ఉపన్యసింతురు. ఒకరు మూలన కూర్చుండి రసీదు పుస్తకము పట్టుకొని చందా వసూలు చేయుదురు. చప్పట్లు మొదటివారికి దక్కును. వార్షికోత్సవమునాడు దీపము వెలుగుట రెండవవారివలన. సుబ్రహ్మణ్య అయ్యరుగారి పేరు చరిత్ర గ్రంథములలో పెద్ద అక్షరములతో నుండుట న్యాయమే. వీరరాఘవాచారియారిని కూడ ఒకపరి తలచుకొనుట కృతజ్ఞత.

1 రూపాయి 12 అణాలు అప్పిచ్చిన ఆ పుణ్యాత్ముని పేరు ఆరుగురి పేర్లవలె వాడుకలోనికి రాలేదు. ఆ సొమ్ము తిరిగి ముట్టినను ముట్టకున్నను ఆ ఋణము నేటి పాఠకులమీద నున్నది. ప్రతి ఉదయము పత్రికను శ్రద్ధతో చదివి, తప్పు కనబడినచో ఉత్తరము వ్రాసి, చందాను వేళకు చెల్లించు ప్రతివాడును ఆ ఋణములో ఒక అణా తీర్చుచున్నవాడే.